పగలు సభలో గుమాస్తా, మిగిలిన పొద్దంతా కవిత్వం: థామస్ టిరిట్ జీవితం మీద చర్చ

ఓరుగల్లు పాఠకుడు (హనుమకొండ):

బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభకు, లండన్‌లో, 1762 నుంచి 1768 వరకు ప్రధాన గుమాస్తాగా ఉన్న థామస్ టిరిట్ గురించి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఇంగ్లిష్ సాహిత్యంలో ఎంఏ చేసినవాళ్లకు కూడా ఈ పేరు పేజీ అడుగున చిన్న అక్షరాల్లోనే కనిపిస్తుంది. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లిష్ కవి చాసర్ కవిత్వంలో లయ ఉందని ఆధునిక పాఠకులకు చూపించిన మనిషి ఈయన. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పుట్టింది 1730లో. తండ్రి విండ్సర్‌లో మతాధికారి, పిల్లవాడికి పన్నెండేళ్లున్నప్పుడే చనిపోయాడు. ఈటన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదువు. ఇరవై రెండేళ్లకే, 1752లో, పద్యానువాదాల పుస్తకం ఒకటి అచ్చయింది. అలెగ్జాండర్ పోప్ ఇంగ్లిష్ కవితను లాటిన్‌లోకి, గ్రీకు కవి పిండార్ గీతం ఒకదాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. తర్వాత 1756లో యుద్ధ శాఖలో ఉప కార్యదర్శి ఉద్యోగం. అక్కడి నుంచి 1762లో కామన్స్ సభ గుమాస్తా కుర్చీలోకి వచ్చాడు.

గుమాస్తా అన్నానని చిన్న ఉద్యోగం అనుకోకండి. రాజు ముద్రతో నియామకం. విగ్గు, గౌను వేసుకుని స్పీకర్ ముందున్న బల్ల దగ్గర కూర్చునేవాడు. బిల్లులు చదివి వినిపించేవాడు, తీర్మానాలు రాసుకునేవాడు. ఆ రాతల నుంచే సభ జర్నల్స్, అంటే సభ అధికారిక రికార్డులు, తయారయ్యేవి. ఆయన కూర్చున్న ఆరేళ్లు మామూలువి కావు. ప్రభుత్వాన్ని విమర్శించిన సభ్యుడు జాన్ విల్క్స్‌ను సభ నుంచి వెళ్లగొట్టింది 1764లో. అమెరికా వలసల మీద స్టాంపు పన్ను వేసింది 1765లో, దాన్ని వెనక్కి తీసుకుంది 1766లో. ఆ తీర్మానాలన్నీ ఆ బల్ల మీదుగానే పోయాయి.

1768లో ఆ పార్లమెంటు ముగియగానే ఉద్యోగం మానేశాడు. ఆ పని ఒత్తిడికి ఆయన ఆరోగ్యం తట్టుకోలేదు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు చదువుకే ఇచ్చాడు. చాసర్ కాంటర్‌బరీ కథలు నాలుగు సంపుటాలు 1775లో, పదకోశంతో ఐదోది 1778లో వచ్చాయి. ఈసప్ కథల్లో చాలావాటికి వెనక బాబ్రియస్ అనే గ్రీకు కవి పద్యాలు ఉన్నాయని 1776లో చూపించాడు. అరిస్టాటిల్ కావ్యశాస్త్రానికి ఆయన చేసిన లాటిన్ అనువాదం మాత్రం 1786లో ఆయన పోయాక, 1794లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు అచ్చువేశారు.

నా అభిప్రాయం ఒక్కటే. ఉన్నది ఉన్నట్టు రాయడం, సొంత కల్పన ఒక్క అక్షరం చేర్చకపోవడం, పాత రికార్డుతో కొత్తదాన్ని పోల్చి చూసుకోవడం, ఇవన్నీ ఆ బల్ల దగ్గర చేసే పనులు. పాత కవిత్వాన్ని పరిష్కరించడానికి, అంటే చెడిన రాతను కవి రాసిన రూపానికి తేవడానికి, కావలసినవీ ఇవే. గుమాస్తాగిరీ ఆయన కవిత్వానికి అడ్డం రాలేదు, దారి వేసింది అంటాను.


మానేరు (కరీంనగర్):

మంచి విషయం తెచ్చారు. అయితే చివరి పేరాతో నాకు పేచీ ఉంది. నేను ఇరవై ఏళ్లుగా డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్తున్నాను, టిరిట్ పుస్తకాల పీఠికలు చదివాను. 1752 నాటికే ఆయన అనువాదకుడు, గ్రీకు లాటిన్ రెండూ వచ్చిన పండితుడు. పండితుడు కాబట్టే ఆ కుర్చీ దొరికింది, కుర్చీ వల్ల పండితుడు కాలేదు. పైగా ఆయన పెద్ద పనులన్నీ ఉద్యోగం వదిలాక చేసినవే. ఉద్యోగం దారి వేసి ఉంటే వదలడం ఎందుకు? మనం ఉద్యోగాలకు లేనిపోని గొప్ప అంటగట్టొద్దు. ఎంతమంది కవుల్ని దఫ్తర్లు మింగేశాయో మనకు తెలుసు.


ఓరుగల్లు పాఠకుడు:

సార్, ఉద్యోగంలో ఉండగానే, 1766లో, షేక్‌స్పియర్ నాటకాల్లో పాఠం చెడిన చోట్ల మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. అంటే పాఠ పరిష్కారం మీద పని ఆ బల్ల దగ్గర ఉన్న కాలంలోనే మొదలైంది.

ఇంకొకటి. ఆ కుర్చీ వరసగా ఎవరికి వెళ్లిందో చూడండి. 1748 దాకా నికొలస్ హార్డింజ్, స్వయంగా లాటిన్ కవి. సభ జర్నల్స్‌ను మొదటిసారి అచ్చు వేయించే పని ఈయన హయాంలో, 1742లో మొదలైంది. ఆయన తర్వాత జెరెమయా డైసన్. మార్క్ ఏకెన్‌సైడ్ అనే కవికి ఏడాదికి 300 పౌండ్లు ఇచ్చి పోషించాడు. కింది గుమాస్తా పోస్టులు అమ్ముకునే ఆనవాయితీని ఆపిందీ ఈ డైసనే. ఆయన తర్వాత టిరిట్. ముగ్గురికి ముగ్గురూ కవిత్వం చుట్టూ తిరిగినవాళ్లే. దీన్ని కాకతాళీయం అనుకోలేను.


భద్రకాళి గట్టు (వరంగల్):

ఈ చర్చలో నాకు కొంచెం అధికారం ఉంది కాబట్టి మాట్లాడుతున్నాను. నేను శాసనసభలో రిపోర్టర్‌గా చేసి రిటైర్ అయినవాణ్ని. షార్ట్‌హ్యాండ్‌లో సభ్యుల ప్రసంగాలు రాసుకుని, బయటికొచ్చి టైపు చేయించి ఇచ్చే పని. కొద్ది నిమిషాలకోసారి రిపోర్టర్లు మారుతుంటారు. ఒకరు లేస్తుంటే ఇంకొకరు కూర్చుంటారు, మధ్యలో ఒక్క వాక్యం జారకూడదు.

టిరిట్ చేసింది ఈ పని కాదు. ఆ రోజుల్లో కామన్స్ సభ ప్రసంగాలను అచ్చువేయడమే సభాహక్కుల ఉల్లంఘన. జర్నల్‌లో ఎవరేం మాట్లాడారో ఉండదు, సభ ఏం చేసిందో మాత్రమే ఉంటుంది. ఫలానా బిల్లు రెండోసారి చదివారు, ఫలానా సవరణ వీగిపోయింది, ఇన్ని ఓట్లు ఇటు, ఇన్ని అటు, అంతే. మూడు గంటలు అరుచుకున్న సభ గుమాస్తా కలంలో నాలుగు లైన్లు అవుతుంది. ఆ నాలుగు లైన్లలో ఒక్క మాట తేడా వస్తే చట్టమే తేడా అవుతుంది.

మా సెక్షన్‌లో పెద్దవాళ్లు మొదటి రోజే చెప్పేవాళ్లు: సభ్యుడు తప్పు తెలుగు మాట్లాడినా దిద్దే తొందర వద్దు, ముందు చెవిన పడ్డది రాయి. కొత్తగా చేరినవాళ్లకు ఇది చాలా కష్టం. బాగా చదువుకున్నవాళ్లకు ఇంకా కష్టం, చెయ్యి దానంతట అదే సవరించేస్తుంది. ఆ చెయ్యిని ఆపుకోవడం రావడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి పాఠకుడు గారి మాటలో నిజం ఉంది. పండితుడు కావడం వేరు, తన పాండిత్యాన్ని పక్కన పెట్టి ఎదుటివాడి మాట రాయడం వేరు. రెండోది ఉద్యోగమే నేర్పుతుంది.

మానేరు గారి ప్రశ్నకూ జవాబు చెప్తాను. వదిలేశాడంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. సభ జరిగే రోజుల్లో తిండికీ నిద్రకూ వేళ ఉండదు. అర్ధరాత్రి దాకా సాగే సభలో చివరిదాకా లేవకుండా కూర్చోవాల్సినవాళ్లు కొందరే, వాళ్లలో గుమాస్తా ఒకడు.


జంపన్నవాగు (ములుగు):

నమస్తే, నేను కాకతీయ యూనివర్సిటీలో పీజీ రెండో సంవత్సరం. మా సిలబస్‌లో విలియం కూపర్ ఉన్నాడు, ఆయన కూడా పార్లమెంటు గుమాస్తానే అని ఎక్కడో చదివాను. హోమర్‌ను అనువదించింది కూడా ఆయనే కదా. ఆయనకూ టిరిట్‌కూ ఏమైనా సంబంధం ఉందా సార్?


మానేరు:

తమ్ముడూ, మంచి ప్రశ్న. గుమాస్తా కాబోయి కాలేకపోయినవాడు కూపర్. వయసులో టిరిట్ కన్నా ఒక్క ఏడాది చిన్న. టిరిట్ కామన్స్‌లో చేరిన మరుసటి ఏడాది, 1763లో, కూపర్‌కు ఎగువ సభ అయిన లార్డ్స్‌లో జర్నల్స్ గుమాస్తా పోస్టు ఇప్పిస్తానని బంధువు ఒకాయన ముందుకొచ్చాడు. అవతలి వర్గం అడ్డు చెప్పింది. అర్హత ఉందో లేదో సభ ముందు నిలబెట్టి పరీక్షించాలన్నారు. కూపర్ నెలల తరబడి ఆఫీసుకు వెళ్లి పాత జర్నల్స్ తిరగేశాడు, ఏమీ తలకెక్కలేదు. పరీక్ష రోజు దగ్గరపడేకొద్దీ టెన్షన్ పెరిగి మనసు పూర్తిగా చెదిరిపోయింది, ప్రాణం తీసుకోవాలని కూడా చూశాడు. సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ కాటన్ దగ్గర చేర్చారు. అక్కడే కోలుకున్నాడు.

ఆ తర్వాత లండన్ ముఖం చూడకుండా ఓల్నీ అనే చిన్న ఊళ్లో బతికాడు. కుందేళ్లు పెంచుకున్నాడు, తోట వేసుకున్నాడు, యాభై దాటాక కవిగా పేరొచ్చింది. 1784 చివర్లో హోమర్ ఇలియడ్ మొదలుపెట్టాడు. రోజుకు నలభై లైన్లు లెక్కన కూర్చుని చేసేవాడట. ఇలియడ్, ఒడిస్సీ రెండూ అంత్యప్రాస లేని పద్యంలో 1791లో వచ్చాయి. ఆ అనువాదం తన మనసును నిలబెట్టే పని అని ఆయన ఉత్తరాల్లో కనిపిస్తుంది. వర్డ్స్‌వర్త్ తరానికి ముందే మామూలు మాటల్లో పల్లె జీవితం రాసినవాడు. బానిసత్వం మీద గట్టి పద్యాలు రాసినవాడు కూడా.

నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అదే పార్లమెంటు, దాదాపు అదే ఏడాది, అదే రకం ఉద్యోగం. ఒకరిని ఆరేళ్లలో అలసిపోయేలా చేసింది, ఇంకొకరిని చేరకముందే విరిచేసింది. ఇద్దరూ బయట ఉన్నప్పుడే పెద్ద పని చేశారు.


గోదావరిఖని షిఫ్టు:

నైట్ షిఫ్టు దిగి చదువుతున్నా, లేటుగా వచ్చినందుకు ఏమనుకోకండి. మీరంతా టిరిట్ గురించి మాట్లాడుతున్నారు, ఆయన పరిష్కరించిన చాసర్ సంగతేంటి? చాసర్ ఏం ఉద్యోగం చేశాడో చూడండి. 1374 నుంచి లండన్ రేవులో ఉన్ని, తోళ్ల మీద సుంకం లెక్కలు రాసే అధికారి. లెక్కల పుస్తకం సొంత చేతితోనే రాయాలని నియామకంలోనే షరతు. పన్నెండేళ్లు ఆ పని. తర్వాత రాజుగారి కట్టడాల పర్యవేక్షణ, అంటే మన లెక్కన ఆర్ అండ్ బీ. తన కవిత ఒకదాంట్లో ఒక గద్ద ఆయన్నే దెప్పుతుంది: పగలంతా లెక్కలు రాసి, ఇంటికి పోయి మళ్లీ ఇంకో పుస్తకం ముందేసుకుని రాయిలా కూర్చుంటావు, పక్కింట్లో ఏం జరుగుతుందో కూడా నీకు తెలియదు అని. ఇది చదివినప్పుడు మా షిఫ్టు వాళ్లలో రాసే అలవాటున్న ఇద్దరు ముగ్గురు గుర్తొచ్చారు.

ఆయనా అనువాదకుడే. లాటిన్ నుంచి బొయిథియస్ అనే తత్త్వవేత్త పుస్తకాన్ని, ఫ్రెంచి నుంచి గులాబీ కావ్యాన్ని తెచ్చాడు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. 1386లో కెంట్ జిల్లా తరఫున చాసర్ పార్లమెంటులో కూర్చున్నాడు, కామన్స్ సభ్యుడిగా. అంటే టిరిట్ గుమాస్తాగా బల్ల దగ్గర కూర్చున్న సభలో దాదాపు నాలుగు వందల ఏళ్ల ముందు చాసర్ సభ్యుడు. ఒక సభ్యుడి మాటలు చెడిపోయి పడుంటే, అదే సభ గుమాస్తా తర్వాత వచ్చి రికార్డు సరిచేశాడు. నాకైతే ఇది చాలా గొప్పగా అనిపించింది.


ఓరుగల్లు పాఠకుడు:

అన్నా, ఈ సంగతి నాకు తట్టనేలేదు. చర్చ పెట్టినందుకు ఫలితం దక్కింది.


పాలకుర్తి తెలుగు సార్:

చాసర్ లయ గురించి మొదటి పోస్టులో ఒక మాట అని వదిలేశారు. అది విప్పి చెప్పాలి, ఎందుకంటే మన ఛందస్సు తెలిసినవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది.

చాసర్ పోయింది 1400లో. ఆ తర్వాత ఇంగ్లిష్ ఉచ్చారణ మారిపోయింది. మాటల చివర ‘e’ అక్షరంతో రాసే చిన్న అచ్చును పలకడం జనం మానేశారు, రాతలో మాత్రం కొంత మిగిలింది. లేఖకులు కొన్నిచోట్ల రాశారు, కొన్నిచోట్ల వదిలేశారు. దాంతో తర్వాతివాళ్లు చదివితే పాదంలో అక్షరాలు తక్కువ పడేవి. డ్రైడెన్ అంతటి కవి 1700లో చాసర్‌ను నెత్తిన పెట్టుకుంటూనే, ఆయన పాదాలు కుంటుతాయి, అప్పటికింకా లెక్క కుదరలేదు అన్నాడు. టిరిట్ అది ఒప్పుకోలేదు. ఇటాలియన్, ఫ్రెంచి ఛందస్సులు, పాత ఇంగ్లిష్ వ్యాకరణం పక్కపక్కన పెట్టి చూసి, ఆ చివరి అచ్చును పలికితే పాదం నిండుతుందని చూపించాడు. కుంటింది కవి కాదు, చదివేవాళ్ల నాలుక.

మన దగ్గర ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. ఒక్క అక్షరం జారితే గణం తప్పి వెంటనే పట్టుబడుతుంది. యతి, ప్రాస ఉండటంతో ఎక్కడ జారిందో కూడా చాలాసార్లు తెలిసిపోతుంది. తాళపత్రాల నుంచి పద్యాలను కాపాడుకోవడంలో ఛందస్సే మనకు కాపలా. సి.పి. బ్రౌన్ కడపలో, మచిలీపట్నంలో, మద్రాసులో కంపెనీ కొలువు చేస్తూ పండితులను కూర్చోబెట్టుకుని చేయించింది ఈ పనే. ఎక్కడెక్కడి రాతప్రతులో తెప్పించి, పక్కపక్కన పెట్టి, పాఠభేదాలు రాయించి, వేమన పద్యాలను ఇంగ్లిష్ అనువాదంతో 1829లో అచ్చువేయించాడు. ఆయనా కొలువు మనిషే.

మా ఊరికి దగ్గర్లోనే బమ్మెర ఉంది. రాజుల కొలువు వద్దని నాగలి పట్టిన పోతన ఊరు. కొలువు కవిత్వాన్ని చెడగొడుతుందని మానేరు గారన్నట్టే ఆయనా నమ్మాడు. కానీ అదే భారతాన్ని తెలుగు చేసిన తిక్కన నెల్లూరులో మంత్రి. శ్రీనాథుడు కొండవీటిలో విద్యాధికారి, నైషధాన్ని తెనిగించింది ఆయనే. కాబట్టి ఈ తగవు మన దగ్గర ఆరేడు వందల ఏళ్లుగా ఉంది, ఈ పేజీలో తేలదు. పోతన భాగవతంలో శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ పూర్తిచేశారు. ఎవరు ఏ స్కంధం రాశారో పేర్లతో సహా మనకు మిగిలింది. పూర్తిచేసినవాళ్లు తమ పేరు దాచకపోవడం వాళ్ల నిజాయితీ.


జంపన్నవాగు:

సార్, ఇది వింటే చాటర్టన్ గుర్తొచ్చాడు. ఆయన పేరు దాచి పాత కవి పేరు పెట్టాడు కదా?


ఓరుగల్లు పాఠకుడు:

అవును తమ్ముడూ, ఆ కథలో కూడా టిరిట్ ఉన్నాడు. బ్రిస్టల్ కుర్రాడు థామస్ చాటర్టన్, పదిహేనో శతాబ్దపు సన్యాసి రౌలీ రాసినవని చెప్పి తానే పద్యాలు రాశాడు. 1770లో, పద్దెనిమిది నిండకుండానే పోయాడు. ఆ పద్యాలను 1777లో మొదట పుస్తకంగా తెచ్చింది టిరిటే. అప్పటికి ఎవరివో తేల్చలేదు, పాఠం శ్రద్ధగా ముందు పెట్టాడంతే. మరుసటి ఏడాది మూడో ముద్రణకు అనుబంధం చేర్చి, ఇవి ఏ పాత కవివీ కావు, మొత్తం చాటర్టన్‌వే అని భాష ఆధారంగా వాదించాడు. పదిహేనో శతాబ్దంలో లేని వ్యాకరణ రూపాలు, అపార్థం చేసుకుని వాడిన పాత మాటలు ఒక్కొక్కటీ ఎత్తి చూపాడు. పెద్ద పెద్దవాళ్లు ఎదురు తిరిగితే 1782లో జవాబు పుస్తకం కూడా రాశాడు. ఆ వాదమే నిలిచింది.

మన క్రీడాభిరామం మీదా ఇలాంటి పంచాయితీ ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరిగే ఆ కావ్యం వినుకొండ వల్లభరాయుడి పేరున ఉంది. సంస్కృతం నుంచి చేసిన అనువాదం. శైలి చూసి శ్రీనాథుడిదే అన్న పండితులున్నారు. కాకతీయుల నగరం అంగడి, మాటతీరు, తిండి అంత దగ్గరగా చూపించే పుస్తకం ఇంకోటి లేదు, ఎవరిదైనా మన ఊరి పత్రమే అది.


చలివాగు (పరకాల):

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆగాను. మా బాపు హైదరాబాద్‌లో శాసనసభ దఫ్తర్‌లో గుమాస్తా. మా ఊరు పరకాల దగ్గర. ఉర్దూ మీడియం చదువు, సంస్కృతం ఇంటి దగ్గర మా తాత నేర్పాడు. బాపు పోయి చాలా ఏళ్లయింది. ఈమధ్య అమ్మ పెట్టె సర్దుతుంటే ఆయన నోట్‌బుక్కులు, ఒక కాగితాల కట్ట దొరికాయి. కాళిదాసు మేఘసందేశం తెలుగు పద్యాల్లో. మొత్తం ఉన్నట్టే ఉంది.

సమస్య ఏమిటంటే ఒక్కో శ్లోకానికి రెండు మూడు రకాలుగా పద్యాలున్నాయి. కొన్ని కొట్టేసి ఉన్నాయి, కొట్టేసిన దాని పక్కన మళ్లీ ‘ఇదే ఉండనీ’ అని రాసుకున్నాడు. మొదటి శ్లోకానికైతే ఏడు రకాలున్నాయి. పక్కన ఉర్దూలో ఏవో రాతలు, అవి నాకు రావు. రిటైరయ్యాక పొద్దుపోక రాసుకున్నాడని మా ఇంట్లో అందరి నమ్మకం. అచ్చు వేయించాలని ఉంది. మా బంధువు ఒకాయన, బాగా చదువుకున్నవాడే, ‘ఒక్కో శ్లోకానికి మంచి పద్యం ఏరి, తప్పులు దిద్ది ఇస్తా’ అన్నాడు. నాకు మనసొప్పడం లేదు. మీరు చెప్పండి, ఏం చేయాలి?


భద్రకాళి గట్టు:

అమ్మా, దిద్దనివ్వకండి. ఇప్పుడే వద్దు.


పాలకుర్తి తెలుగు సార్:

అమ్మా, చాలా సంతోషమైన వార్త. మేఘసందేశం మందాక్రాంత వృత్తంలో ఉంటుంది, పాదానికి 17 అక్షరాలు, నెమ్మదిగా మొదలై మధ్యలో పరిగెత్తి మళ్లీ నెమ్మదించే నడక. ఆ నడక తెలుగులో పట్టడం కష్టం. మీ బాపు ఏ పద్యం ఎంచుకున్నారు? తేటగీతిలో చోటు సరిపోదు, సీసంలో సాగదీయాల్సి వస్తుంది. రెండు మూడు రకాలుగా రాసుకోవడానికి కారణం ఇదే అయి ఉంటుంది.

దిద్దే విషయంలో నా మాట కొంచెం వేరు. స్పష్టమైన కలం జారుపాట్లు, అంటే ఒత్తు మర్చిపోవడం, దీర్ఘం పడకపోవడం, ఇవి సరిచేస్తే తప్పులేదు. గణం తప్పిన పద్యం అచ్చయితే ఆయనకు ఛందస్సు రాదనుకుంటారు.


చలివాగు:

సార్, మొదట్లో తేటగీతులు. తర్వాత వాటినే సీసాలుగా మార్చాడు. కొన్ని మళ్లీ తేటగీతిలోకి తెచ్చాడు.

మొదటి శ్లోకం మీద అంత కష్టపడటం గురించి నాకు తోచింది చెప్పొచ్చా? ఆ శ్లోకంలో యక్షుడు ఉద్యోగంలో ఏమరుపాటు చేసి, ఏడాది పాటు ఇల్లు వదిలి ఉండమని యజమాని శిక్ష వేస్తే రామగిరి చేరతాడు. అమ్మ, మేము ఊళ్లో ఉండేవాళ్లం, బాపు పట్నంలో ఒక్కడే గదిలో ఉండేవాడు. సభ నడిచినన్ని రోజులు ఇంటికి రాలేకపోయేవాడు.


గోదావరిఖని షిఫ్టు:

అక్కా, ఈ ఒక్క పేరా మీ పుస్తకానికి ముందుమాట. అక్షరం మార్చకుండా వేయండి. మా పక్కనే రామగిరి ఖిల్లా ఉంది కాబట్టి మాకు ఆ కావ్యం మొదటి నుంచీ మనదే.


మానేరు:

రామగిరి అంటే నాగపూర్ దగ్గరి రాంటెక్ అని ఎక్కువమంది పండితులు అంటారు తమ్ముడూ, అయినా మీ ప్రేమ మీది.

చలివాగు గారూ, పాలకుర్తి సార్ చెప్పిన విషయంలో టిరిట్ అనుభవమే మనకు హెచ్చరిక. ఆయన్ని ఎంత గౌరవించినా ఇది చెప్పాలి. చాలా రాతప్రతులు చూసి, ఒక్కో దాంట్లోంచి బాగున్న పాఠం ఏరి ఒక మిశ్రమ పాఠం తయారుచేశాడు. ఛందస్సు కుదరనిచోట ఏ ప్రతిలోనూ లేని చివరి అచ్చు చేర్చిన సందర్భాలూ ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన సంపాదకులు ఇందుకే ఆయన్ని తప్పుపట్టారు. ఒక నమ్మకమైన ప్రతిని పట్టుకుని దాన్నే అచ్చువేయాలి, తేడాలు అడుగున ఇవ్వాలి అన్నారు. అంత జాగ్రత్త మనిషి కూడా బాగుచేయాలన్న కోరికను పూర్తిగా ఆపుకోలేకపోయాడు. మీ బంధువు ఎంత ఆపుకుంటారు?


ఓరుగల్లు పాఠకుడు:

ఇది న్యాయమైన మాట. నా పద్ధతి ఇలా ఉంటుంది: ప్రతి శ్లోకానికీ ఆయన చివరిగా ఉంచుకున్న పద్యం పైన, మిగతావన్నీ కింద. ‘ఇదే ఉండనీ’ అన్నచోట ఆ మాటే ప్రమాణం. ఒత్తులు, దీర్ఘాలు దిద్దినా ఎక్కడ దిద్దారో చివర పట్టిక ఇవ్వాలి. మొదటి శ్లోకానికి ఏడూ వరసగా అచ్చువేయాలి. ఒక మనిషి ఒకే శ్లోకం చుట్టూ ఎలా తిరిగాడో చూడటం ఎవరికైనా పెద్ద చదువు.


పాలకుర్తి తెలుగు సార్:

పట్టిక ఇస్తామంటే నాకూ సమ్మతమే. ఛందస్సు చూసే పని నేను చేస్తాను. తప్పిన గణం ఉంటే గుర్తు పెడతాను, ముట్టుకోను.


భద్రకాళి గట్టు:

ఇక పని సంగతి. ముందు పేజీలకు పెన్సిల్‌తో సన్నగా నంబర్లు వేయండి, దొరికిన వరసలోనే. మీకు తోచిన వరసలో పేర్చకండి. పిన్నులు తుప్పు పట్టి ఉంటే మెల్లగా తీయండి. పొద్దున పూట కిటికీ వెలుగులో ఫోటోలు తీయండి, ఫ్లాష్ వద్దు. ఉర్దూ రాతలు నాకు పంపండి, చదివి తెలుగులో రాసి ఇస్తాను. మా తరం వాళ్లకు అది వచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, కాగితాల వెనకవైపు కూడా ఫోటో తీయండి. మా దఫ్తర్‌లో కాగితానికి కరువు. సైక్లోస్టైల్ చేసిన ఎజెండాలు, ప్రశ్నల జాబితాలు వాడుక అయిపోగానే వెనక తెల్లగా ఉంటుందని చిత్తుకు దాచుకునేవాళ్లం. మీ బాపు కట్ట అలాంటిదే అయితే ప్రతి చిత్తు వెనకా ఒక తేదీ ఉంటుంది.


చలివాగు:

సార్, మీరు చెప్పినట్టే ఇప్పుడే కట్ట తిప్పి చూశాను. చేతులు వణికాయి. నోట్‌బుక్కులు దుకాణంలో కొన్నవే, వాటిలో ఏమీ లేదు. కానీ విడి కాగితాల వెనక ఎజెండాలున్నాయి. ఉర్దూలో, ఇంగ్లిష్‌లో. చాలావాటి మీద తేదీ ఉన్న మూల చినిగిపోయింది. మొదటి శ్లోకం తేటగీతిలో ఉన్న కాగితం వెనక, పైన ఇంగ్లిష్‌లో ‘హైదరాబాద్ లెజిస్లేటివ్ అసెంబ్లీ’ అని ఉంది. దీన్ని బట్టి ఏమైనా చెప్పొచ్చా?


భద్రకాళి గట్టు:

చెప్పొచ్చమ్మా. హైదరాబాద్ రాష్ట్రానికి శాసనసభ ఏర్పడింది 1952 ఎన్నికలతో. బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రి. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లిష్ అన్నీ వినిపించిన సభ అది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ పేరు లేదు, కాగితాల మీద ఆంధ్రప్రదేశ్ అని వచ్చింది. కాబట్టి ఆ ఎజెండా 1952కూ 1956కూ మధ్యది. చిత్తు కాగితం ఎవరూ ఏళ్ల తరబడి దాచరు, ఆ సీజన్‌లోనే వాడేస్తారు. మీ బాపు ఈ పద్యం ఉద్యోగంలో చేరిన కొత్తలో రాశారు, రిటైరయ్యాక కాదు.


చలివాగు:

అప్పటికి ఆయనకు ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్లు ఉంటాయి. నేను పుట్టలేదు.

ఆఖరి నోట్‌బుక్ ఆయన పోయే ఏడాదిది, అందులో కూడా మొదటి శ్లోకం ఉంది. రేపటి నుంచి పేజీ నంబర్లు వేస్తాను. ఉర్దూ ఉన్న పేజీలు ముందు పంపుతాను సార్. పాలకుర్తి సార్‌కు తేటగీతులు విడిగా పంపిస్తాను. బంధువుకు ఫోన్ చేసి చెప్పాను, దిద్దొద్దని.